లండన్‌లో సొంత జట్టా, ఏటా వెళ్లి ఆడి రావడమా? ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఏది మేలు?

2025 సీజన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఏడు మ్యాచ్‌లను అమెరికా బయట ఆడించింది. సావో పాలో, డబ్లిన్, బెర్లిన్, మాడ్రిడ్‌లలో ఒక్కొక్కటి, లండన్‌లో మూడు. ఇవేవీ సరదాకి ఆడే ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు కావు, గెలిచినా ఓడినా లీగ్ పట్టికలో లెక్కకొచ్చేవే. 2026కు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌ను కూడా జాబితాలో చేర్చారు. కమిషనర్ రోజర్ గుడెల్ అయితే ఏటా 16 మ్యాచ్‌లు విదేశాల్లో జరగాలని బాహాటంగానే చెబుతున్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఇంట గెలవడం ఎప్పుడో అయిపోయింది. 2021లో టీవీ, స్ట్రీమింగ్ సంస్థలతో కుదిరిన ఒప్పందాల విలువే 11 ఏళ్లకు దాదాపు 11 వేల కోట్ల డాలర్లు. అయినా చాలదు. 2027 నాటికి ఏటా 2,500 కోట్ల డాలర్ల ఆదాయం రావాలని గుడెల్ 2010లోనే లక్ష్యం పెట్టారు. అమెరికాలో చూసేవాళ్లంతా ఇప్పటికే చూస్తున్నారు కాబట్టి కొత్త ప్రేక్షకులు కావాలంటే గడప దాటాల్సిందే. వెళ్లాలా వద్దా అన్న చర్చ దాదాపు ముగిసినట్టే. ఎలా వెళ్లాలన్నదే తేలాలి.

దారులు నాలుగున్నాయి. అక్కడే ఒక లీగ్ పెట్టడం, లండన్‌లో సొంత జట్టును నిలపడం, ఏటా కొన్ని మ్యాచ్‌లు పట్టుకెళ్లి ఆడి రావడం, జట్ల సంగతి పక్కనపెట్టి ఆటను మాత్రమే పంపడం. నా ఓటు మూడోదానికి. అయితే అది ఇప్పుడు నడుస్తున్న తీరు మాత్రం నాకు నచ్చలేదు.

అక్కడే ఒక లీగ్

ఇది చేసి చూశారు. 1986 ఆగస్టులో షికాగో బేర్స్, డాలస్ కౌబాయ్స్ లండన్‌లోని వెంబ్లీలో ప్రీసీజన్ మ్యాచ్ ఆడితే 80 వేలమందికి పైగా వచ్చారు. ఆ ఊపులో 1991లో వరల్డ్ లీగ్ పుట్టింది. లండన్, బార్సిలోనా, ఫ్రాంక్‌ఫర్ట్ జట్లు, వాటికి తోడు అమెరికా, కెనడా జట్లు. తొలి ఫైనల్ వెంబ్లీలోనే జరిగింది, లండన్ మోనార్క్స్ 21–0తో బార్సిలోనా డ్రాగన్స్‌ను ఓడించింది. ఇంత చేసి రెండు సీజన్లకే ఆపేశారు. 1995లో యూరప్ వరకే కుదించి మళ్లీ మొదలుపెట్టారు. 2007 జూన్‌లో పూర్తిగా మూసేశారు. ఏటా 3 కోట్ల డాలర్ల దాకా చేతి చమురు వదులుతోందని అప్పట్లో వార్తలొచ్చాయి. చివర్లో మిగిలిన ఆరు జట్లలో ఐదు జర్మనీవే.

అక్కడ ఆడినవాళ్లలో ఎక్కువమంది అమెరికా జట్లలో చోటు దొరకనివాళ్లు, బెంచీ మీద కూర్చునేవాళ్లు. కర్ట్ వార్నర్ 1998లో ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్‌కు ఆడాడు. ఆ మరుసటి సీజన్‌లోనే సెయింట్ లూయిస్ రామ్స్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో గెలిపించాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఇది లాభమే. ఆమ్‌స్టర్‌డామ్ అభిమాని సంగతేమిటి? మంచి ఆటగాడు దొరికాడు అనుకునేలోపే విమానం ఎక్కేస్తాడు.

స్థానికులకు కోటా ఉండేది. ఆ కోటాలో అందరికీ గుర్తుండిపోయిన మనిషి మాన్‌ఫ్రెడ్ బుర్గ్స్‌ముల్లర్. జర్మన్ సాకర్‌లో బొరుస్సియా డార్ట్‌మండ్‌కు గోల్స్ మీద గోల్స్ కొట్టి రిటైరైన స్ట్రైకర్. ఆ తర్వాత రైన్ ఫైర్ జట్టులో కిక్కర్‌గా చేరి 52 ఏళ్ల వయసు దాకా ఆడాడు. వినడానికి సరదాగా ఉంటుంది కానీ ఆ లీగ్ జబ్బంతా ఇందులోనే ఉంది. బంతి తన్నడం వచ్చినవాణ్ని పక్క ఆట నుంచి తెచ్చుకోగలిగారు. అక్కడి కుర్రాళ్లలోంచి ఒక మంచి క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపించేవాణ్ని మాత్రం తయారు చేసుకోలేకపోయారు.

ఆ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరని మాత్రం అననక్కర్లేదు. లీగ్ పోయినా జర్మనీలో అభిమానులు మిగిలారు. 15 ఏళ్ల తర్వాత, 2022 నవంబర్‌లో మ్యూనిక్‌లో టాంపా బే, సియాటిల్ జట్లు ఆడినప్పుడు టికెట్లకు ఎగబడ్డారు. స్టేడియంలో దాదాపు 70 వేల సీట్లుంటే, 30 లక్షల టికెట్లు పెట్టినా అమ్ముడుపోయేవని నిర్వాహకులు చెప్పారు.

లండన్‌లో సొంత జట్టు

కాగితం మీద దీన్ని మించింది లేదు. ఊరు పెద్దది, డబ్బుంది, భాష సమస్య లేదు. స్టేడియం కూడా సిద్ధంగా ఉంది. 2019లో తెరిచిన టాటెన్‌హామ్ హాట్‌స్పర్ స్టేడియాన్ని మొదటినుంచీ రెండు ఆటలకూ పనికొచ్చేలా కట్టారు. సాకర్ ఆడే పచ్చిక మూడు ముక్కలుగా విడిపోయి, పట్టాల మీద జరుగుతూ దక్షిణం వైపు స్టాండ్ కిందికి వెళ్లిపోతుంది. దాని కింద అమెరికన్ ఫుట్‌బాల్ కోసం వేసిన సింథటిక్ మైదానం బయటపడుతుంది. స్టాండ్ కిందికి వెళ్లిన పచ్చికకు అక్కడే లైట్లు పెట్టి, నీళ్లు పెట్టి ప్రాణం నిలుపుతారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల కోసం పెద్ద సైజు డ్రెస్సింగ్ రూములు కూడా విడిగా కట్టారు. ఇన్ని హంగులు ఏటా రెండు మూడు మ్యాచ్‌ల కోసమేనా అని ఎవరికైనా అనుమానం వస్తుంది.

యజమాని దొరకడమూ కష్టం కాదనిపించింది. పాకిస్తాన్‌లో పుట్టి అమెరికాలో ఎదిగిన షాహిద్ ఖాన్ జాక్సన్‌విల్ జాగ్వార్స్‌కూ, లండన్ సాకర్ క్లబ్ ఫుల్‌హామ్‌కూ యజమాని. ఆయన జట్టు 2013 నుంచి, కోవిడ్ ఏడాది తప్ప, ప్రతి సీజన్‌లోనూ లండన్ వస్తోంది. 2018లో 60 కోట్ల పౌండ్లకు వెంబ్లీనే కొంటానన్నారు. అభ్యంతరాలు రావడంతో ఆ ఏడాదే వెనక్కి తగ్గారు. తర్వాత జాక్సన్‌విల్ నగరంతో కలిసి అక్కడి స్టేడియాన్నే కొత్తగా కట్టుకునే ఒప్పందం చేసుకున్నారు. 2024లో నగర మండలి దానికి ఆమోదం తెలిపింది. అంటే లండన్ మీద అందరికంటే ఎక్కువ మోజున్న యజమాని కూడా కాపురం మార్చడానికి సిద్ధపడలేదు.

కారణం వారం రోజుల దినచర్యలో ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టుకు 53 మంది. ఆదివారం మ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు గాయపడటం మామూలు. మంగళవారం ఏ జట్టూ లేని ఆటగాళ్లను నలుగురైదుగురిని విమానంలో రప్పిస్తారు, పరుగెత్తించి చూస్తారు, నచ్చినవాడితో ఆ సాయంత్రమే సంతకం పెట్టిస్తారు. ఒక్కోసారి ఆ ఆదివారమే అతను మైదానంలో ఉంటాడు. ఈ పని ఒహాయో నుంచి టెనసీకి అయితే రెండు గంటల ప్రయాణం. లండన్‌కైతే రాత్రంతా విమానం, పైగా బ్రిటన్‌లో పనిచేయడానికి అనుమతి పత్రాలు. ఆ వ్యవహారం కోసం అమెరికాలోనే ఇంకో శిబిరం నడపాలని గతంలో ప్రతిపాదనలొచ్చాయి. జట్టు ఒకటే, ఇళ్లు రెండు, ఖర్చు తడిసి మోపెడు.

ఇక గడియారం గొడవ. లాస్ ఏంజెలిస్ నుంచి లండన్‌కు దాదాపు 11 గంటల ప్రయాణం, ఎనిమిది గంటల తేడా. అమెరికా తూర్పు తీరంలో సోమవారం రాత్రి 8:15కు మొదలయ్యే మ్యాచ్ లండన్‌లో ఆడాలంటే తెల్లవారితే మంగళవారం, అర్ధరాత్రి దాటాక ఒకటింపావుకు కిక్కాఫ్. అంటే లండన్ జట్టుకు సొంతగడ్డ మీద రాత్రి మ్యాచ్ ఉండదు. టీవీవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టేది ఆ రాత్రి మ్యాచ్‌లకే. ప్లేఆఫ్స్‌లో ఇంకా కష్టం. సియాటిల్‌లో గెలిచిన జట్టు వారం తిరక్కుండా లండన్ వచ్చి ఆడాలన్నా, లండన్ జట్టు వరసగా రెండుసార్లు సముద్రం దాటాలన్నా ఎవరో ఒకరు నిద్రకళ్లతోనే ఆడాలి.

ఇది ఊహ కాదు, 2023లో కళ్లారా చూశాం. జాగ్వార్స్ వరసగా రెండు మ్యాచ్‌లు లండన్‌లో ఆడింది. మొదటిది అయ్యాక అక్కడే ఉండిపోయి, రెండో వారం బఫెలో బిల్స్‌తో తలపడింది. బిల్స్ దిగింది శుక్రవారం పొద్దున. ఆదివారం మైదానంలో కాళ్లు ఈడ్చుకుంటూ ఆడింది. జాగ్వార్స్ 25–20తో గెలిచింది. సొంత జట్టంటూ ఉంటే ఇలాంటి మ్యాచ్‌లు ప్రతి సీజన్‌లో ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి.

ఆటగాళ్ల జేబు సంగతీ ఉంది. ఫ్లోరిడా, టెక్సస్‌లలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బ్రిటన్‌లో పై శ్లాబు 45 శాతం. కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాడు కాదనలేడు. నాలుగేళ్ల తర్వాత ఎటైనా వెళ్లే స్వేచ్ఛ వచ్చినప్పుడు, పెళ్లాం బిడ్డల్ని సముద్రం అవతల పెట్టుకుని ఎక్కువ పన్ను కట్టాలని ఎందరు కోరుకుంటారు? రెండు రూపాయలు ఎక్కువ ఇస్తే వస్తారనుకుంటే, అన్ని జట్లకూ ఒకే జీతాల పరిమితి ఉంది.

మరి యజమానులకైనా గిట్టుతుందా? లెక్క వేద్దాం. టీవీ డబ్బు ఏడాదికి సగటున 1,000 కోట్ల డాలర్లనుకుంటే, 32 జట్లకు తలా 31 కోట్లు పైచిలుకు. 33వ జట్టు చేరితే ఒక్కొక్కరికి సుమారు 95 లక్షలు తగ్గుతుంది. కొత్త జట్టు ప్రవేశ రుసుము 2023లో వాషింగ్టన్ జట్టు అమ్ముడుపోయిన ధరే, అంటే 605 కోట్ల డాలర్లే అనుకుందాం. పంచుకుంటే తలా 19 కోట్ల లోపు. ఆదాయం పెరగకపోయినా ఇరవై ఏళ్లలో ఆ డబ్బు కరిగిపోతుంది, పెరిగితే ఇంకా ముందే. పైగా 33 బేసి సంఖ్య. ఏ వారం చూసినా ఒక జట్టు ఖాళీగా కూర్చోవాలి. నాలుగేసి జట్ల చొప్పున ఎనిమిది డివిజన్లుగా కుదురుగా ఉన్న అమరిక చెదిరిపోతుంది. పోనీ ఒకేసారి నాలుగు యూరప్ జట్లు పెడితే ప్రయాణాల బాధ కొంత తగ్గుతుంది కానీ 212 మంది ఆటగాళ్లను కొత్తగా వెతకాలి. ఉన్న 32 జట్లకే సరిపడా మంచి క్వార్టర్‌బ్యాక్‌లు లేరని ప్రతి సీజన్‌లోనూ మొత్తుకుంటుంటారు కదా!

వీటన్నిటికంటే నాకు పెద్దదిగా కనిపించే సమస్య స్టాండ్స్‌లో ఉంది. లండన్ మ్యాచ్ జరిగేటప్పుడు కెమెరా ప్రేక్షకుల మీదికి తిప్పినప్పుడల్లా గమనించండి. ఆడుతున్నవి రెండు జట్లు, జెర్సీలు మాత్రం ముప్ఫైరెండు జట్లవీ కనిపిస్తాయి. ప్యాకర్స్ టోపీ, స్టీలర్స్ చొక్కా, ఎప్పుడో రిటైరైన డాల్ఫిన్స్ ఆటగాడి పేరు. వాళ్లు వచ్చింది లీగ్‌ను చూడటానికి. ఎన్నో ఏళ్లుగా ఒక జట్టును అభిమానించినవాడు లండన్ పేరు పెట్టుకుని కొత్తగా ఒక జట్టు వస్తే దానికి మారిపోతాడా? ఏడాదికోసారి వచ్చే జాతరకు ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. అదే జాతర పదిహేను రోజులకోసారి పెడితే బొమ్మల కొట్టువాడు కూడా రాడు. పైగా ఆ ఊళ్లో ప్రీమియర్ లీగ్ సాకర్ క్లబ్బులే అరడజనుకు పైగా ఉన్నాయి.

పొరుగు దేశంలో కాలు మోపి చేతులు కాల్చుకున్న కథ ఈ ఆటలోనే ఇంకోటుంది, దిక్కు మాత్రం రివర్స్. కెనడా ఫుట్‌బాల్ లీగ్ 1993లో అమెరికాలో జట్లు పెట్టడం మొదలుపెట్టింది. బాల్టిమోర్ స్టాలియన్స్ 1995లో ఏకంగా ఆ లీగ్ టైటిల్ గ్రే కప్ గెలిచింది. అదే ఏడాది క్లీవ్‌లాండ్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు బాల్టిమోర్‌కు వస్తోందని ప్రకటన వచ్చింది. అంతే, ఛాంపియన్ జట్టు మూటాముల్లె సర్దుకుని మాంట్రియల్ వెళ్లిపోయింది. అమెరికాలోని మిగతా జట్లూ మూతపడ్డాయి.

వెళ్లి ఆడి రావడం

దీనికీ చెడ్డ రోజులున్నాయి. 2018 నవంబర్‌లో మెక్సికో సిటీ అజ్టెకా స్టేడియంలో చీఫ్స్, రామ్స్ ఆడాలి. వానలకు, ఇతర కార్యక్రమాల తొక్కిడికి మైదానం పాడైపోయింది. ఇంకా ఆరు రోజులుందనగా మ్యాచ్‌ను లాస్ ఏంజెలిస్‌కు మార్చేశారు. ఆ మ్యాచ్ 54–51తో లీగ్ చరిత్రలోనే గొప్ప పోరాటాల్లో ఒకటైంది. హోటల్, విమానం బుక్ చేసుకున్న మెక్సికోవాళ్లు దాన్ని టీవీలో చూసుకున్నారు.

బఫెలో బిల్స్ చేసింది ఇంకో రకం తప్పు. 2008 నుంచి 2013 దాకా ఏటా ఒక సొంత మ్యాచ్‌ను పక్కనే ఉన్న టొరంటోకు తీసుకెళ్లింది. రెండు గంటల దారి, సరిహద్దు దాటితే చాలు. అయినా టికెట్ ధరలు మండిపోయాయి, స్టాండ్స్‌లో ఉత్సాహం లేదు. ఆరు సీజన్ మ్యాచ్‌ల్లో బిల్స్ గెలిచింది ఒక్కటే. మా మ్యాచ్ ఎత్తుకుపోయారని బఫెలో అభిమాని ఏడుపు, ఇది మా జట్టు కాదని టొరంటో అభిమాని నిర్లిప్తత. రెంటికీ చెడ్డ రేవడి.

సీజన్ టికెట్ కొన్న మనిషి వైపు నుంచి చూస్తే ఆ ఏడుపులో న్యాయం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సొంత మైదానంలో ఆడేదే ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లు. ఐపీఎల్‌లో ఏడు ఉంటేనే ఒకటి వేరే ఊరికి వెళ్తే ఉప్పల్‌లో ఎంత గోల చేస్తాం!

దీనికి మందు లీగ్ దగ్గరే ఉంది. 2021 నుంచి సీజన్‌కు 17 మ్యాచ్‌లు. బేసి సంఖ్య కాబట్టి ప్రతి ఏడాదీ సగం జట్లకు సొంతగడ్డ మీద తొమ్మిది, మిగతా సగానికి ఎనిమిదే. ఇది చిన్న తేడా కాదు, ఒక్క విజయంతో ప్లేఆఫ్స్ తారుమారయ్యే లీగ్ ఇది. ఇప్పుడు తొమ్మిదున్న జట్లలోంచే ఎక్కువగా విదేశీ మ్యాచ్‌లకు పంపుతున్నారు. కొన్ని జట్లు తొమ్మిదో మ్యాచ్ వదులుకుంటాయి, కొన్ని దాచుకుంటాయి. అన్నిటికీ ఒకే న్యాయం చేయొచ్చు: ఎనిమిది ఇంట్లో, ఎనిమిది ఎదుటివాళ్ల ఊళ్లో, ఒకటి ఎవరిదీ కాని దేశంలో. 32 జట్లు తలా ఒకసారి బయటికెళ్తే సరిగ్గా 16 మ్యాచ్‌లు. గుడెల్ చెబుతున్న సంఖ్య అదే! కాకపోతే ఆయన మనసులో దాంతోపాటు 18వ మ్యాచ్ కూడా ఉంది. ఇప్పటికే ఒళ్లు హూనం చేసుకుంటున్న ఆటగాళ్ల చేత ఇంకో మ్యాచ్ ఆడించి, దాన్ని విదేశీ పర్యటనకు ముడిపెట్టడం నాకు నచ్చని బేరం. 17తోనే ఈ పని అవుతుంది.

విశ్రాంతి విషయంలో కూడా ఇదే మేలు. బయట ఆడి వచ్చిన జట్టుకు తర్వాతి వారం ఖాళీ ఇవ్వొచ్చు, చాలాసార్లు ఇస్తున్నారు కూడా. సొంత జట్టు లండన్‌లో ఉంటే ఏడాది పొడవునా ఎందరికని ఇస్తారు?

టీవీకీ గిట్టుబాటే. లండన్‌లో మధ్యాహ్నం రెండున్నర అంటే న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర. అంతకుముందు ఖాళీగా ఉన్న ఆదివారం పొద్దుటి గంటలు కొత్తగా అమ్ముకోవచ్చు. మనకు రాత్రి ఏడు. నాలాంటివాడికి హైదరాబాద్‌లో మనుషులు మెలకువగా ఉండే వేళ దొరికే ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ అదొక్కటే. మిగతావి రాత్రి పదిన్నరకు మొదలవుతాయి, రాత్రి మ్యాచ్‌లైతే సోమవారం తెల్లవారుజామున పాలవాడితో పాటు వస్తాయి. కాలిఫోర్నియాలో ఉన్న మన చుట్టాలకు మాత్రం ఇది ఉదయం ఆరున్నర, కాఫీ కూడా పడని టైము.

ఆటను మాత్రమే పంపడం

మన దగ్గర ఐపీఎల్ యజమానులు చేసింది దీనికి దగ్గరగా ఉంటుంది. లీగ్‌ను ఇక్కడే ఉంచి, బయటి లీగుల్లో వాళ్లే జట్లు కొన్నారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ యజమానుల జట్టు సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ దక్షిణాఫ్రికా లీగ్‌లో మొదటి రెండు టైటిళ్లూ కొట్టింది. అమెరికా మేజర్ లీగ్ క్రికెట్‌లోని సియాటిల్ ఆర్కాస్ పెట్టుబడిదారుల్లో మన సత్య నాదెళ్ల ఒకరు. కానీ దక్షిణాఫ్రికాలో క్రికెట్ ముందే ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఆ సౌకర్యం లేదు. ఇండియాలోనూ ఒకసారి ప్రయత్నించారు. ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా పేరుతో 2012లో జట్లు పెట్టి, శ్రీలంకలో మ్యాచ్‌లు ఆడించి, రికార్డు చేసి తర్వాత టీవీలో చూపించారు. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేదని ఇవాళ హైదరాబాద్‌లో ఎందరికి తెలుసు?

ఫ్లాగ్ ఫుట్‌బాల్ సంగతి వేరు. ఢీకొట్టుకోవడం లేదు, నడుముకు కట్టిన రిబ్బన్ లాగితే చాలు. హెల్మెట్లు, ప్యాడ్లు అక్కర్లేదు, జట్టుకు ఐదుగురు. క్రికెట్‌తో పాటే 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోకి వస్తోంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు కూడా అందులో ఆడొచ్చని యజమానులు 2025 మేలో తీర్మానించారు. బడిపిల్లల దాకా ఆట వెళ్లాలంటే ఇదొక్కటే తోవ. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ నుంచి వచ్చిన జోర్డాన్ మైలాటా 2018లో డ్రాఫ్ట్ ఏడో రౌండ్‌లో ఎంపికై, ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. అలాంటివాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఈ దారిలో ఖర్చు తక్కువ. ఫలితం కనిపించడానికి మాత్రం ఒక తరం పడుతుంది, టీవీ ఒప్పందాలు అంతకాలం ఆగవు. అందుకే ఇది పర్యటనలకు తోడుగా నడవాలి తప్ప వాటి బదులు పనికిరాదు.

పర్యటనల్లో నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే. ఏటా కొత్త జెండా పాతాలన్న ఆత్రం ఎక్కువైంది. ఒక ఊరికి ఒకసారి వెళ్లి, ఫొటోలు దిగి, మళ్లీ ముఖం చూపించకపోతే అక్కడ మిగిలేది అమ్ముడుపోని టోపీలే. లండన్‌లో అభిమానులు పెరిగారంటే 2007లో జెయింట్స్, డాల్ఫిన్స్ వర్షంలో, బురదలో 13–10తో ముగించిన మ్యాచ్ నుంచి లీగ్ పట్టు వదలకుండా వెళ్తూ ఉండబట్టే. మెక్సికోను చూడండి. 2005 అక్టోబర్‌లో అమెరికా బయట జరిగిన మొట్టమొదటి సీజన్ మ్యాచ్‌కు అజ్టెకాలో 1,03,467 మంది వచ్చారు. అంత జనాన్ని చూశాక కూడా మళ్లీ అక్కడికి వెళ్లడానికి 2016 దాకా పట్టింది. 2022 తర్వాత స్టేడియం మరమ్మతులతో మళ్లీ విరామం. టెక్సస్ నుంచి రెండు మూడు గంటల ప్రయాణం, గడియారం పెద్దగా తిప్పుకునే పని లేదు, ఆటను తరాలుగా చూస్తున్న జనం. పదహారు మ్యాచ్‌లు పంచేటప్పుడు మొదటి రెండూ మెక్సికోకు, ఆ తర్వాతే మిగతా దేశాలకు ఇవ్వాలి.